మా నాయన పూడ్చిన వాన గుంట

మా చిన్నప్పుడు... కొండ మీద మబ్బు కమ్మిందంటే మా నాయన పార భుజాన వేసుకుని బయల్దేరేవాడు. అందరూ వానకు ఇంట్లోకి వస్తుంటే ఆయన వానలోకి పోయేవాడు...

తిరుపతిలో అలిపిరికి కిందుగా ఉన్న ఒక కాలనీ పార్కుకు ఆయన తోటమాలి. గేటు పక్కన ఉన్న ఒంటిగదే మా ఇల్లు.

పార్కులో పల్లంగా ఉన్న మూలన నాయన ఒక గుంట తవ్వాడు. పెద్దదేం కాదు, మోకాలి లోతు. రోడ్డు మీద పారే కొండ నీళ్లు దాంట్లోకి దిగేలా చిన్న కాలువ తీశాడు. గట్టున వట్టివేరు నాటాడు. తుంగ దానంతటదే మొలిచింది. వాన వెలిసిన నాలుగైదు రోజులకు నీళ్లన్నీ భూమిలోకి ఇంకిపోయేవి... తడి ఉన్నన్నాళ్లూ పొన్నగంటాకు ఒత్తుగా పెరిగేది.

కింది వీధిలో బట్టలు ఇస్త్రీ చేసే మునెమ్మత్త సాయంత్రాలు వచ్చి ఒడి నిండా ఆకు కోసుకునేది. పోతూ పోతూ మా గడప మీద ఒక పిడికెడు పెట్టిపోయేది.

నాకు మాత్రం ఆ గుంటంటే ఒళ్లుమంట. కారణం కప్పలు... వాన పడితే చాలు, కాలనీ అంతా వినబడేలా అరిచేవి. అప్పుడు నేను ఏడో తరగతి. మా క్లాసులో కాలనీ ఆడపిల్లలు నలుగురు ఉండేవాళ్లు. నేను కనబడగానే బుగ్గలు పొంగించి "బెకబెక" అనేవాళ్లు. నా పేరు కప్పలమ్మ అయిపోయింది. బురద కాళ్లతో మా నాయన ఎదురొస్తే నేను తల తిప్పుకుని పోయేదాన్ని...

ఒక ఆదివారం కాలనీ పెద్దలు పార్కులో మీటింగు పెట్టారు. గుంట పూడ్చి లాను వేయాలని, మధ్యలో ఫౌంటెన్ పెట్టాలని వాళ్ల కోరిక. నాయన చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"సార్, ఈ గుంట లేకుంటే కొండ నీళ్లన్నీ కింది వీధిలోకి పోతాయి. లాను ఇంగో పక్క ఏసిస్తాను."

ప్రెసిడెంటు సారు మంచివాడే, ఆలోచనలో పడ్డాడు. అంతలో ఒకావిడ, "ఆ తుంగలో పాములుంటే? పిల్లలు తిరిగే చోటు కదా" అంది.

"పాములు లేవమ్మా. నా బిడ్డే దినామూ ఆడ తిరగతాది. కావాలంటే దాన్నే అడగండి" అన్నాడు నాయన.

అందరూ నా వైపు చూశారు. ఆ నలుగురు ఆడపిల్లలు కూడా... బ్యాట్లు పట్టుకుని నిలబడి ఉన్నారు.

"ఉండాది" అన్నాను. "నాగుపాము. నేను చూసినాను."

నేను చూసింది కప్పల్నీ తూనీగల్నీ... అంతే.

ఇంటికొచ్చాక నాయన నా ముందు గొంతుక్కూర్చున్నాడు. నా పాదాలు రెండూ చేతుల్లోకి తీసుకుని తిప్పి తిప్పి చూశాడు.

"నిజంగా సూసినావా మా?"

"చూసినా నాయనా."

"నాకు ముందే ఏల సెప్పలేదు?"

నేను కాళ్లు వెనక్కి లాక్కున్నాను. మర్నాడు ఆయనే మట్టి తోలించి, తన చేతులతోనే గుంట పూడ్చేశాడు. మూడు రోజులు పట్టింది. తుంగను వేళ్లతో సహా పెకలించాడు, ఎక్కడైనా పాము దాక్కుంటుందేమోనని. నన్ను దగ్గరికి రానివ్వలేదు...

ఆ ఏడు దీపావళి దాటాక వానలు పట్టుకున్నాయి. కొండ నీళ్లు లాను మీదుగా పొర్లి, ప్రహరీ సందులోంచి కింది వీధిలోకి పడ్డాయి. మునెమ్మత్త ఇంటి మట్టిగోడ ఒక పక్క కూలింది. లోపల ఊరివాళ్ల బట్టల మూటలు... తెల్లచొక్కాలు, పట్టుచీరలు అన్నీ ఎర్రబురద. నాయన మూటలు మోసి బయట పెడుతుంటే ఆమె అడిగింది.

"ఏంటికప్పా పూడ్చినావు?"

"పాపకు పాము కనబడిందమ్మా."

మునెమ్మత్త నా వైపు చూసింది. కోపంగా చూసుంటే బాగుండేది... "అయితే మంచి పనే చేసినావులేప్పా. బిడ్డ కంటే ఏముండాది" అంది.

బట్టలు పాడైనవాళ్లు మళ్లీ ఆమెకు బట్టలు వేయలేదు. సంక్రాంతి రాకముందే ఆమె ఇల్లు ఖాళీ చేసి వెళ్లిపోయింది. ఆడపిల్లలు నన్ను పేరు పెట్టి పిలుస్తున్నారు అప్పటికి. వాళ్లతో షటిల్ ఆడుతూ నేను ఆమె సామాను బండి పోవడం చూశాను... ఆట ఆపలేదు.

ఇన్నేళ్లూ మా నాయన ఆ కథను గర్వంగా చెప్పుకుంటూ వచ్చాడు. పోయిన నెల నా కొడుక్కి చెబుతున్నాడు, మీ అమ్మను పాము కరవకుండా ఎట్ల కాపాడినానో అని. "ఎంత పెద్ద పామమ్మా?" అని వాడు నన్ను అడిగాడు. ఇక నా వల్ల కాలేదు. పాము లేదని చెప్పేశాను.

నాయన మనవణ్ణి ఒళ్లోంచి దించాడు. తర్వాత మెల్లగా అన్నాడు. "నాకు సెప్పి ఏం లాభం మా? మునెమ్మకు కదా సెప్పాల్సింది."

కింది వీధికి వెళ్లాను. అన్నీ అపార్టుమెంట్లు. ఆమె పేరే ఎవరికీ తెలియదు. చిత్తూరు దగ్గర పూతలపట్టులో ఆమె చెల్లెలు ఉండేదని ఒక పెద్దాయన అంటే అక్కడికీ వెళ్లి అడిగొచ్చాను... దొరకలేదు.

ఇప్పుడు ఆ పార్కు నిండా సిమెంటు పలకలు. చినుకు పడితే రోడ్డే వాగూ వంకా అవుతుంది. మీ చిన్నప్పుడు మీ వీధి వాన నీళ్లు ఎటు పోయేవి? ఆ దారి ఎవరు మూశారు? మూసింది మీరే అయినా సరే, కింద కామెంట్లలో రాయండి... తిరుపతిలో ఇస్త్రీ చేసి బతికిన మునెమ్మ ఎక్కడుందో తెలిసినవాళ్లుంటే, ముందు అది రాయండి.