ముద్ర లేని బోల్టు

పాత కార్ల ఇంజన్లు బాగుచేయడంలో ఆ మెకానిక్‌ది అందెవేసిన చెయ్యి. బోల్టు తల మీది ముద్ర చూసి, అది ఏ కారుతో పుట్టిందో చెప్పేవాడు. బజారు బోల్టు తెస్తే, "పట్టుబట్టకు గోనె అతుకేస్తావురా?" అని బావమరిదిని చెడామడా తిట్టేవాడు. షెడ్డులో పనిచేసేది వాళ్లిద్దరే.

ఆ రోజు ఇంజన్‌కు నీళ్ల పంపు బిగిస్తూ, పొట్టి బోల్టు ఉండాల్సిన చోట ఆయన పొడుగుది పెట్టాడు. అది షెడ్డు కప్పు రేకులకు వేయగా మిగిలింది.

"బావా, దాని మీద ముద్ర లేదు," అన్నాడు బావమరిది.

"నాకే నేర్పుతావురా?" అంటూ ఆయన ఇంకో చుట్టు తిప్పాడు. టప్పుమని ఇంజన్ దిమ్మ బీటవారింది.

ఆయన బోల్టు విప్పి తడిమి చూశాడు. "ఎవర్రా ఇది పెట్టింది?"

ఇప్పుడే చేసింది ఆయనకు గుర్తు లేదు. మీ బావ ఈ మధ్య ఇంటి దారి కూడా మరిచిపోతున్నాడని అక్క చెబితే, వయసు కదా అని నవ్వేసినవాడు బావమరిది. ఇప్పుడు అక్క మాట గుర్తొచ్చింది.

"నేనే బావా."

బావ నోటికొచ్చినట్టు తిట్టాడు. అతను తలవంచుకుని ఆ తిట్లన్నీ పడ్డాడు.

సాయంత్రం చేతులు కడుక్కుంటూ బావ గొంతు తగ్గించి అడిగాడు.

"నిజం చెప్పరా. పెట్టింది నువ్వు కాదు కదూ?"

బావమరిది సబ్బు అందించాడు.

మర్నాడు బావ వస్తూనే స్పానర్ అతని చేతిలో పెట్టాడు.

"ఇక బిగించేది నువ్వే. నేను బోల్టులు కడిగిపెడతా."

ఆ తర్వాత ఆయన మళ్లీ స్పానర్ పట్టలేదు.