సిలార్‌కి గుర్తురాని పాట

జగ్గయ్యపేటలో మైకు సెట్టు సిలార్ అంటే ఒకప్పుడు తెలియనివాళ్ళు లేరు. చుట్టుపక్కల ఊళ్ళ పెళ్ళిళ్ళకూ, వేదాద్రి తిరునాళ్ళకూ, ఎన్నికల ప్రచారాలకూ అతని హారన్లే మోగేవి. ఇప్పుడు అతనికి అరవయ్యేడేళ్ళు దాటాయి. ఏ చెట్టంటే ఆ చెట్టెక్కి హారన్లు కట్టిన మోకాళ్ళు మేడమెట్లకే మొరాయిస్తున్నాయి. కొడుకు ముదస్సిర్ డీజే బాక్సులూ రంగురంగుల లైట్లూ కొని దుకాణాన్ని పెద్దది చేశాడు. సిలార్ మాత్రం పొద్దున్నే వచ్చి గుమ్మం పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంటాడు. ఎవరూ అడక్కపోయినా పాత మైకులు విప్పి, తుడిచి, మళ్ళీ బిగిస్తుంటాడు.

ఆ కుర్చీ దగ్గరికే ఒకరోజు హైదరాబాదు నుంచి సుస్మిత అనే అమ్మాయి వచ్చింది. వెనకే కెమెరా సంచీ మోసుకుంటూ నవీన్‌బాబు. ఇద్దరూ వీరులపాడు భారతి జీవితం మీద డాక్యుమెంటరీ తీస్తున్నారు. భారతి పేరు చెబితే అప్పటికప్పుడు ఓ పల్లవి ఎత్తుకోని మనిషి ఆ ప్రాంతంలో ఉండడు. నాట్ల పాటల క్యాసెట్లతో మొదలై, సినిమాల్లో పాడి, టీవీ పాటల పోటీల్లో జడ్జిగా కూర్చుని, కిందటేడు హైదరాబాదులో కన్నుమూసింది. పోయిన రోజున నందిగామ సెంటర్‌లో ఫ్లెక్సీలు కట్టారు. ఆటోలన్నిట్లో ఆమె పాటలే.

"సిలార్ గారంటే మీరేనాండీ? మీకోసమే వచ్చాం" అంది సుస్మిత.

"నాతో ఏం పని తల్లీ? బాక్సులు కావాలంటే లోపల మావాడున్నాడు."

"బాక్సులు కాదండీ. భారతి గారికి మొదట మైకిచ్చింది మీరేగా!"

సిలార్ చేతిలో స్క్రూడ్రైవరు ఆగిపోయింది. వేరే సిలార్‌ని వెతుక్కుంటూ వచ్చారేమోనని వీధి అటూ ఇటూ చూశాడు. సుస్మిత ల్యాప్‌టాప్ తెరిచి అతని ఒళ్ళో పెట్టింది. తెరమీద భారతి, మంచాన పడకముందు ఇచ్చిన ఆఖరి ఇంటర్వ్యూలో, కుర్చీలో వెనక్కి వాలి నవ్వుతూ మాట్లాడుతోంది.

"మా ఇంట్లో ఆడపిల్ల పాటంటే హారతి పాట వరకే. నాకు పదహారేళ్ళప్పుడు చిల్లకల్లులో మా పెద్దమ్మ కూతురి పెళ్ళి. పందిట్లో ఓ మూల నిలబడి రికార్డుతో పాటు నాలో నేను పాడుకుంటున్నా. మైకు సెట్టాయన, జగ్గయ్యపేట సిలారన్న, అది చూసి రికార్డు ఆపేశాడు. మైకు తెచ్చి నా చేతిలో పెట్టాడు. 'మూతికి బెత్తెడు దూరంలో పెట్టుకో తల్లీ, ఊపిరి దాంట్లోకి పోనీకు' అన్నాడు. గురువులెవరని అడిగితే చాలా పేర్లు చెబుతా. కానీ నా గొంతు నాకు మొదటిసారి వినిపించినవాడు ఆయన."

సిలార్ మళ్ళీ పెట్టమన్నాడు. బెత్తెడు దూరం మాట తనదే, సందేహం లేదు. మైకు పట్టుకున్న ప్రతివాడికీ, ఓట్లడగొచ్చిన నాయకులకు కూడా, అదే చెప్పేవాడు. చిల్లకల్లులో పెళ్ళిళ్ళకు సెట్టు కట్టిందీ నిజమే. కానీ పందిట్లో మూల నిలబడ్డ పిల్ల? రికార్డు ఆపడం? బుర్ర ఎంత తడుముకున్నా ఏమీ తగల్లేదు.

"నాకు గుర్తులేదమ్మా" అన్నాడు.

నవీన్‌బాబు నవ్వి, "ఆమె చెప్పిందే మీ మాటల్లో చెప్పండి చాలు. ఎల్లుండొచ్చి తీసుకుంటాం. ఈలోపు మీకే గుర్తొస్తుంది" అన్నాడు.

ముదస్సిర్ మాత్రం సంతోషం పట్టలేకపోయాడు. ఆ వీడియో ముక్క ఫోన్లోకి ఎక్కించుకుని వీధంతా చూపించాడు. సాయంత్రానికి మందుల షాపాయన వచ్చి సిలార్‌కి చేయి కలిపి వెళ్ళాడు. అభినందిస్తుంటే వద్దనడం ఎలాగో తెలియక సిలార్ తలూపాడు. ఇంటికి వెళ్ళి భార్య జైబున్నీసాతో గోడు చెప్పుకున్నాడు.

"నీకెప్పుడన్నా చెప్పానా, చిల్లకల్లులో ఓ పిల్లకు మైకిచ్చానని?"

"మీరు రోజూ ఎవరో ఒకరికి మైకిస్తానే ఉంటిరి. ఇంటికొచ్చి కాలిపోయిన వైర్ల సంగతి చెప్పేవాళ్ళు కానీ మనుషుల సంగతి ఎప్పుడు చెప్పారు?" అంది ఆమె, బియ్యంలో రాళ్ళు ఏరుతూ. "అయినా ఆవిడే చెబుతుంటే మీరు కాదనేదేంది?"

అదే అతనికి పాలుపోలేదు. చనిపోయిన మనిషి చెప్పిన మాట అబద్ధమని ఎలా అంటాడు? జరగనిది జరిగిందని ఎలా అంటాడు? అసలు జరగలేదని మాత్రం తనకెలా తెలుసు?

మర్నాడు నందిగామ వెళ్ళి, అక్కణ్ణుంచి ఆటోలో వీరులపాడు చేరాడు. భారతి అన్న భవానీప్రసాద్ ఇల్లు కనుక్కోవడం కష్టం కాలేదు. ఊళ్ళో ఆయన్నిప్పుడు అందరూ 'సింగరు గారి అన్నయ్య' అంటున్నారు. కల్లంలో మిరపకాయలు ఎండబోయించి, గొడుగు కింద కాపలా కూర్చుని ఉన్నాడు. సిలార్‌ని చూడగానే ముఖం మాడ్చుకున్నాడు.

"నువ్వొస్తావని తెలుసు. ఆ కెమెరా వాళ్ళు నీ దగ్గరికీ వచ్చారా?"

"వచ్చారు ప్రసాదుగారూ. మీ చెల్లెలు గారు నా గురించి ఏదో చెప్పారంట. మీరూ ఉండే ఉంటారు కదా ఆ పెళ్ళిలో. అసలేం జరిగింది?"

భవానీప్రసాద్ అతని వంక అనుమానంగా చూశాడు. "ఏం జరిగిందో నీకు తెలీదా? నువ్వు మైకిచ్చావు, అది పాడింది. మా మామయ్యలంతా పందిట్లోనే కూర్చున్నారు. నా పరువు పోయిందనిపించి నీ కాలర్ పట్టుకున్నా. చొక్కా గుండీలు కూడా తెగినయ్."

సిలార్ ఉలిక్కిపడ్డాడు. ఆ కాలర్ సంగతి అతనికి గుర్తుంది! చిల్లకల్లు పెళ్ళిలో ఒకాయన కాలర్ పట్టుకోవడం, గుండీలు నేల మీద దొర్లడం, వంగి ఏరుకోవడం, అన్నీ గుర్తున్నాయి. కానీ ఆ గొడవ వేరే దేనికో జరిగిందని ఇన్నాళ్ళూ అనుకున్నాడు. మంగళసూత్రం కట్టేవేళకు హారన్ కీచుమని కూసిందనీ, అందుకే పెళ్ళివారికి కోపమొచ్చిందనీ అతని లెక్క.

"హారన్ కూసినందుకు అనుకున్నానండీ. ఆ తర్వాత కొత్త వైర్లు కూడా కొన్నా" అన్నాడు మెల్లగా.

"అంటే నీకు నిజంగానే గుర్తులేదా?" భవానీప్రసాద్ గొంతు పెరిగింది. "నీకు ఎదురు పడలేక నేను పేటకొస్తే మీ వీధిలోంచి కాకుండా చుట్టు తిరిగి పోతానయ్యా! నువ్వేమో వైర్లు కొనుక్కున్నావా?"

తనకు తెలియని తగాదాకు తను క్షమాపణ చెప్పాలో, ఆయన చేత చెప్పించుకోవాలో సిలార్‌కి అర్థం కాలేదు. భవానీప్రసాదే గొడుగు కర్ర సర్దుతూ అన్నాడు.

"వాళ్ళతో నేను ఇంకోలా చెప్పా. నేనే దాన్ని తీసుకెళ్ళి పాడించానని. అడిగేసరికి నోటికి అదే వచ్చింది. నువ్వు కాలర్ సంగతి ఎత్తమాక."

"నాకు గుర్తే లేకపాయె. ఎత్తేదేముందండీ?"

ఆ మాటకు ఆయన స్థిమితపడాల్సింది. పడలేదు. మొహం ఇంకా చిన్నబుచ్చుకున్నాడు.

తిరిగివస్తూ నందిగామలో దిగి శాంతయ్యను చూశాడు సిలార్. ఆ రోజుల్లో ఏ పెళ్ళికైనా సన్నాయి అతనిదే. కళ్ళు మందగించాయి కానీ మనిషి హుషారుగానే ఉన్నాడు. చిల్లకల్లు పెళ్ళి అనగానే తొడ చరిచాడు.

"ఎందుకు గుర్తులేదు? నా పక్కనేగా ఆ పిల్ల నిలబడింది. కానీ నువ్వు మైకివ్వలా సిలారూ. నువ్వు భోజనాల బంతిలో కూర్చున్నావు. రికార్డు అయిపోయి గరగరలాడుతోంటే ఆ పిల్లే పోయి ముల్లు తీసి పక్కన పెట్టి, మైకు చేతిలోకి తీసుకుంది. నేను గుటకలు మింగా, ఎవరేమంటారోనని."

"మరి బెత్తెడు దూరం అని నేను చెప్పానంటుందే?"

"అది పొద్దున నాకు చెప్పావు, సన్నాయికి మైకు పెట్టేటప్పుడు. అక్కడే ఉంది కదా, వినుంటది."

"మరి ప్రసాదుగారు నా కాలర్ ఎందుకు పట్టుకున్నాడు?"

"మైకు సెట్టు నీది. కాలర్ ఇంకెవరిది పట్టుకుంటాడు?"

సిలార్ బస్టాండులో బెంచీ మీద చతికిలబడ్డాడు. ముగ్గురు మూడు విధాలుగా చెప్పారు, ముగ్గురూ చూసినట్టే చెప్పారు. కష్టమేమిటంటే ఇప్పుడు అతనికి కూడా కనిపించడం మొదలైంది. కళ్ళు మూసుకుంటే పసుపు రంగు ఓణీ వేసుకున్న పిల్ల, వణుకుతున్న చెయ్యి, ఆ చేతిలో తన మైకు. ఆ ఓణీ రంగు ఎవరూ చెప్పలేదు. మరి అది ఎక్కణ్ణుంచి వచ్చింది? జ్ఞాపకమా, ల్యాప్‌టాప్‌లో భారతి కట్టుకున్న చీర రంగా? ఇంకోసారి కళ్ళు మూసుకుంటే అదే పందిట్లో బంతిలో కూర్చుని పులుసు కలుపుకుంటున్న తను. జగ్గయ్యపేట బస్సు వచ్చి వెళ్ళిపోయింది. అతను చూడలేదు.

అనుకున్న రోజుకి సుస్మిత వాళ్ళు వచ్చారు. ముదస్సిర్ అప్పటికే నాన్నకు ఇస్త్రీ చొక్కా తొడిగించి, చేతికి పాత మైకు ఇచ్చి సిద్ధం చేశాడు. కెమెరా తిరగడం మొదలవగానే సిలార్ మైకు పక్కన పెట్టేశాడు.

"నాకు గుర్తులేదమ్మా. ఇచ్చానేమో. ఆ అమ్మాయే తీసుకుందేమో. నేనిచ్చానని ఆమె అంటే ఇచ్చినట్టే. కానీ నాకు గుర్తుందని చెప్పలేను."

నవీన్‌బాబు కెమెరా వెనక నుంచి తల బయటికి పెట్టాడు. సుస్మిత మాత్రం ఆపవద్దని సైగ చేసి, "పోనీ ఆవిడ గురించి మీకు గుర్తున్నదేదైనా చెప్పండి" అంది.

దానికి సిలార్ తడుముకోలేదు. "ఒకటుంది. ఓ ఇరవయ్యేళ్ళ కింద నందిగామలో ఆవిడ ప్రోగ్రామ్ పెట్టారు. విజయవాడ నుంచి సౌండ్ తెచ్చారు, పెద్ద పెద్ద బాక్సులు. అవి చూద్దామని పోయి మధ్యాహ్నం టెస్టింగప్పుడు ఓ మూల నిలబడ్డా. ఆవిడ స్టేజి దిగి, అందర్నీ దాటుకుని తిన్నగా నా దగ్గరికొచ్చింది. 'సిలారన్నా, బాగా వినపడుతోందా?' అంది. నేను, 'బాగుందమ్మా, బేస్ కొంచెం ఎక్కువైంది' అన్నా. నవ్వింది. పోయి తగ్గించమంది. అంత పెద్దావిడకు నా పేరెట్లా తెలుసబ్బా అని ఆ రోజంతా అనుకున్నా. అడుగుదామనుకున్నా. జనం చుట్టుముట్టారు." ఆగి, మళ్ళీ అన్నాడు. "అడిగుంటే ఇప్పుడు మీకేదన్నా చెప్పగలిగేవాణ్ణి."

అంతటితో షూటింగ్ అయిపోయింది. ముదస్సిర్ వారం రోజులు తండ్రితో ముభావంగా ఉన్నాడు. "చేతికొచ్చిన పేరు పోగొట్టావు నాన్నా" అన్నాడు ఒకసారి. పేరు తనదే అయితే పోదు కదా అనుకున్నాడు సిలార్. తనదో కాదో తెలియనప్పుడు ఏమనుకోవాలో తెలియలేదు.

వేసవి చివర్లో ఆ సినిమాను నందిగామలో ఓ కల్యాణమండపంలో తెర కట్టి వేశారు. సిలార్, జైబున్నీసా వెనక వరసలో కూర్చున్నారు. భారతి మాట వచ్చింది, దాని వెనకే సిలార్ 'నాకు గుర్తులేదమ్మా' అనడం వచ్చింది. జనం చప్పట్లు కొట్టారు. చేసిన మేలు చెప్పుకోని మనిషని ముందు వరసలో ఎవరో అన్నారు. సిలార్ గాభరాగా భార్య వైపు తిరిగి, "అది కాదే నేనన్నది" అన్నాడు. ఆమె ఊరుకోమన్నట్టు చెయ్యి నొక్కింది.

ఆ తర్వాత తెరమీదికి భవానీప్రసాద్ వచ్చాడు. కానీ మొదట కెమెరా వాళ్ళకు చెప్పానన్న అబద్ధం అక్కడ లేదు. సుస్మితను మళ్ళీ పిలిపించుకున్నట్టున్నాడు. కల్లంలో నిలబడి, కెమెరా వంక చూడకుండా మాట్లాడాడు. "మా చెల్లెలు పాడిందని మైకు సెట్టతన్ని కొట్టబోయా. ఆ పెళ్ళి తర్వాత కూడా నేను దాని పాట ఒక్కటి వినలేదు. అది పోయింతర్వాత ఆటోల్లో విన్నా." అంతే చెప్పి మిరపకాయలు తిరగేయడానికి వంగాడు.

బయట టీ కొట్టు దగ్గర భవానీప్రసాద్ సిలార్‌ని వెతుక్కుంటూ వచ్చాడు. రెండు టీలు తనే తెచ్చి, ఒకటి అతని చేతిలో పెట్టి పక్కన నిలబడ్డాడు.

"నేను ఆ రోజు పాట మొదట్నుంచీ వినలేదు సిలారూ," అన్నాడు. "బయట బండి దగ్గరున్నా. హారన్లో దాని గొంతు గుర్తుపట్టి పరిగెత్తుకొచ్చి నిన్ను పట్టుకున్నా. అది మైకు పట్టుకుని ఎట్లా నిలబడిందో కూడా చూళ్ళేదు. నువ్వన్నా చెప్పు. ఎట్లా ఉంది?"

గుర్తులేదని చెప్పడానికి సిలార్ నోరు తెరిచాడు. ఎదురుగా ఆయన టీ తాగడం మానేసి చూస్తున్నాడు.

"పసుపు ఓణీ అనుకుంటా" అన్నాడు సిలార్. ఆ మాట అన్నాక అతనికే ఆశ్చర్యం వేసింది. "చెయ్యి కొంచెం వణికింది. మొదటి చరణం దాకా తలెత్తలేదు. తర్వాత ఎత్తింది."

"ఎవరివంక చూసింది?"

"నాకు తెలీదు ప్రసాదుగారూ. నాకు కనపడేది ఇంతే. ఇది నిజంగా చూసిందో, మీ అందరి మాటలూ విని నేను అల్లుకున్నదో చెప్పలేను."

"పసుపు ఓణీ దానికుంది," అన్నాడు భవానీప్రసాద్. వెంటనే, "ఉందనే అనుకుంటున్నా" అని గొణిగి, గ్లాసులోకి చూస్తూ ఉండిపోయాడు.