పొయ్యెక్కించిన పచ్చి ముక్కలు

మొన్న మా మనవరాలు దోసకాయ, టమాట, ఉల్లిగడ్డ ముక్కలు, ఉడికిన శనగలు కలిపి, పైన పాలు విరగ్గొట్టి చేసిన తెల్లటి జున్ను చిదిమిన గిన్నె నా ముందు పెట్టి, ఇలాంటిది నువ్వెప్పుడూ తిని ఉండవమ్మమ్మా అని మురిసిపోతుంటే నవ్వొచ్చింది. తినడమే కాదు, ఒకసారి దాన్ని పొయ్యెక్కించిన ఘనత కూడా నాదే.

మా ఆయన బొగ్గుబాయిలో కాలు విరగ్గొట్టుకుని మంచం పట్టిన ఏడు, లక్సెట్టిపేట వైపు మిషన్ ఆసుపత్రి డాక్టరమ్మ ఇంట్లో వంటకు కుదిరాను. మా ఇద్దరి తిండీ ఆ పని మీదే. ఆమె సముద్రాల అవతలి మనిషి, రోగుల దగ్గర నేర్చుకున్న మన తెలుగు మాట్లాడేది. చేరిన వారానికే, భోజనానికి తన దేశం వాళ్లొస్తున్నారని, కూరగాయలన్నీ సన్నగా తరిగి, శనగలు, పుదీన, నిమ్మరసం, నూనె కలిపి, తాను పొద్దున్నే విరగ్గొట్టి గుడ్డలో కట్టిన మేకపాల ముద్దను పైన చిదమమని చెప్పి ఆసుపత్రికి వెళ్లింది.

కత్తిపీట ముందు కూర్చుని అన్నీ తరిగాను గానీ, ఇంటికొచ్చినవాళ్లకు పచ్చి ముక్కలు పెట్టడానికి మనసొప్పలేదు. పాలు విరిగితే కీడని బెంగపడే ఇళ్లలో పుట్టినవాళ్లం, నా ఈడు వాళ్లకు తెలుసు, ఎవరైనా కావాలని విరగ్గొడతారా? పాపం, తొందరలో పొయ్యి సంగతి మరిచిందనుకుని, ఆ ముద్దను పెరట్లో పారేసి, మిగిలినదంతా ఆవాలు, ఎండుమిరపకాయలతో పోపు పెట్టి కమ్మగా వండేశాను.

అందరి ముందు మూత తీసిన డాక్టరమ్మ గిన్నె వైపు, నా వైపు చూసింది. నా పని ఊడిందనుకున్నాను, మంచంలోని మనిషి కళ్లముందు మెదిలాడు. ఆమె ఒక ముద్ద తిని, కారానికి కళ్లు తుడుచుకుని, "మంచిగున్నది, జర ఇంకింత వెయ్యి" అని పళ్లెం నా ముందుకు జరిపింది.

మర్నాడు, మనుషుల కడుపులు కోసి బతికించే ఆ మహాతల్లి వంటింట్లో నేలమీద కత్తిపీట ముందు కూర్చుని, ఎట్లా తరగాలో చూపించమని నన్నడిగింది. తరిగినవి తరిగినట్టే కలిపి, మళ్లీ విరగ్గొట్టిన మేకపాల ముద్ద చిదిమి గిన్నె నా చేతిలో పెట్టింది. ఉప్పటి జున్ను, చల్లటి దోసకాయ, దేని రుచి దానికే ఉంది. పొయ్యి లేకుండా ఇంత రుచా అని, అంత పెద్ద మనిషి నా పక్కన నేలమీద కూర్చోవడమేమిటని అనుకుంటూనే గిన్నె ఖాళీ చేశాను. ఇంటికి పోయి చెప్తే మా ఆయన, "గామె నిన్ను ఏమనలేదా?" అని మూడుసార్లు అడిగాడు.

ఇప్పుడు ఆ జున్ను డబ్బాల్లోనే దొరుకుతోంది, కీడన్న మాటే ఎవరికీ గుర్తులేదు. కానీ పోయిన నెల కొత్త వంటామె పప్పులో రెండుసార్లు ఉప్పు వేస్తే, మా ఇంట్లో ఒక్కరూ రెండో ముద్ద ముట్టలేదు. నేనూ పళ్లెం పక్కకే జరిపాను. మర్నాటి నుంచి ఆమె రాలేదు. డాక్టరమ్మ దగ్గర పచ్చి ముక్కలు కలపడమైతే నేర్చుకున్నాను గానీ, అట్లా ఇంకింత అడిగి వేయించుకోవడం ఈ వయసుకూ నాకు రాలేదు.