బుజ్జికి గొలుసు

ఎల్లారెడ్డిలో నాగవ్వ ఇంటి ముందు నుంచి పోయేవాళ్లు రోడ్డు అవతలి అంచున నడుస్తారు. అరుగు మీద ఆమె ఒళ్లో బీడీల చాట, పక్కనే బండలాంటి దవడలతో పిట్‌బుల్. కామారెడ్డిలో ఉండే అక్క కొడుకు అజయ్ షోకుగా కొని, టీవీలో కుక్కకాటు వార్తలు చూసి భయపడి ఇక్కడ వదిలిపోయాడు. అతను పెట్టిన పేరు టైగర్. నాగవ్వకు అది బుజ్జి. బీడీలకు తడిపిన తునికాకును చుట్టిపెట్టిన గోనెసంచి చల్లగా ఉంటుందని బుజ్జి దాని మీదే పడుకుంటుంది. "లే, దొరసానీ, ఆకు నలుగుతది" అని కసురుకుంటూనే నాగవ్వ దాని చెవి వెనక గోకుతుంది. దాని జాతే చెడ్డదని ఎవరన్నా అంటే, బీడీ దారం పుటుక్కున తెంపి, "నా బుజ్జి గట్ల కాదు" అనేది.

నిన్న పక్కింటి సుష్మిత కూతురు పాక్కుంటూ వచ్చి బుజ్జి నోట్లోని రొట్టెముక్క పట్టి లాగింది. నాగవ్వ చాట పక్కకు తోసి లేచింది. బుజ్జి రొట్టె వదిలేసి పాప చెయ్యి నాకింది. వాడంతా మెచ్చుకుంది. నాగవ్వ మాత్రం బజారుకు పోయి గొలుసు తెచ్చి, బుజ్జిని అరుగు స్తంభానికి కట్టింది.

"గంత మంచిదాయె, గొలుసెందుకవ్వా?" అంది సుష్మిత.

"మంచిదే బిడ్డా. గని దాని మంచితనానికి రోజూ పరీక్ష పెడ్తమా?"

ఆ తర్వాత గొలుసు ఎందాక సాగుతుందో చూసుకుని, తన చాటను ఆ మేర లోపలికే జరుపుకుంది.