గేటు ముందు కేక

మా ముత్తాతగారు మునసబు. తాతగారి హయాంలో కొత్తపేట చుట్టుపక్కల ఏ నీటి తగవు వచ్చినా తీర్పు మా అరుగు మీదే జరిగేది. నాన్నగారి నాటికి అరుగు మిగిలింది గాని తీర్పు కోసం వచ్చేవారు మిగల్లేదు. నాన్నగారు పోయాక నేను అమలాపురంలో ఫ్రిజ్‌లు, వాషింగ్ మెషిన్లు అమ్మే కొట్లో మినీ లారీ డ్రైవరుగా చేరాను. మా వంశంలో జీతానికి వెళ్ళిన మొదటివాణ్ణి నేనే. అమ్మా నేనూ ఆ జీతం మీదే బతకాలి.

వానాకాలం కాలవగట్ల మీద బండి జారేది. ఎదురుగా మరో బండి వస్తే గట్టు చివరిదాకా వెనక్కి నడపాల్సిందే. మేడ ఇళ్ళకయితే లోడింగు మనిషీ నేనూ ఫ్రిజ్‌కి పట్టీ వేసి, భుజాలకి తగిలించుకుని మెట్లెక్కించేవాళ్ళం. భుజాలు వాచిపోయేవి. అదంతా ఓర్చుకున్నాను.

నాకు చేతకానిది ఒక్కటే, ఒకరి గేటు ముందు నిలబడి కేకవేయడం. మా పెద్దలు ఎవరింటికైనా వెళితే ముందుగా ఒక మనిషి వెళ్ళి చెప్పేవాడు, ఇంటాయన ఎదురొచ్చేవాడు. నేను నేర్చుకున్న మర్యాద అదే. అందుకని బండి ఆపి, ఒకసారి ఫోను చేసి, ఎత్తకపోతే స్టీరింగు ముందు నిటారుగా కూర్చునేవాణ్ణి. హారను కొట్టేవాణ్ణి కాను. ఎవరూ బయటికి రాకపోతే సరుకు వెనక్కి తెచ్చేసేవాణ్ణి.

అలా రెండోసారి తెచ్చిన రోజు యజమాని పిలిచారు. ఆయన తాతగారు ఒకప్పుడు మా చేలో కోతలకు వచ్చేవారు.

"బాబుగారూ, మీరు ఫ్రిజ్ ఇవ్వడానికెళ్ళేరా, పెళ్ళికెళ్ళేరా? ఎదురొచ్చి పన్నీరు చల్లుతారా అండీ?"

నేను వెనక్కి తెచ్చిన సరుకు చీటీ ఆయన బల్ల మీద పెట్టాను.

"ఇంకొక్కటి వెనక్కొస్తే తాళాలిచ్చెయ్యండి. ఆయ్, మీమీద గౌరవం మాత్రం అలాగే ఉంటదండి."

ఆ మాట నాకు రుచించలేదు. ఇప్పటికీ రుచించదు.

మర్నాడు మురమళ్ళలో ఫ్రిజ్ ఇవ్వాల్సిన ఇల్లు మా మేనత్తగారి తోటికోడలిది. గేటు వేసి ఉంది. ఫోను ఎత్తలేదు. లోడింగు మనిషి వెనకనుంచి, "ఏటండీ, సన్నాయిమేళం పిలిపించమంటారా?" అన్నాడు.

దిగాను. గేటు పట్టుకుని, "ఏవండీ! ఫ్రిజ్ వచ్చిందండీ!" అని అరిచాను. అలవాటు లేని గొంతు, అవసరానికి మించి లేచింది. పక్కింటివాళ్ళు కూడా బయటికొచ్చారు.

ఆవిడ చేతులు తుడుచుకుంటూ వచ్చి గుర్తుపట్టారు. "ఓరి నాయనా, నువ్వా! ఆ కేకేవిటి, లోపలికొచ్చెయ్యొచ్చు కదా? కూర్చో, కాఫీ ఇస్తాను."

"కాఫీ తరవాతండి అత్తయ్యగారూ. ముందు ఫ్రిజ్ ఎక్కడ పెట్టాలో చెప్పండి."

ఆవిడ కొట్టు పేరు రాసి ఉన్న నా చొక్కా వైపు ఒకసారి చూసి, వంటింటి మూల చూపించారు.

ఉద్యోగం నిలిచింది. కొన్నేళ్ళు అదే బండి నడిపి, తరవాత సొంత బండి కొనుక్కున్నాను. దానికోసం మా మండువాలోని టేకు స్తంభాలు నాలుగూ పాలకొల్లు నుంచి వచ్చిన కలప వ్యాపారికి అమ్మాం.