రానివాళ్ళు కూడా మన పేషెంట్లే

మా క్లినిక్కు సిస్టర్ గారు పోయారన్న కబురు మంగళవారం పొద్దున్న ఓపీ మధ్యలో వచ్చింది. రాజోలు దగ్గర ఊళ్ళో ఉండే ఆవిడ తమ్ముడి కొడుకు మొదటి పంటు ఎక్కి ఏరు దాటి వచ్చి, నా గది గుమ్మంలో నిలబడి చెప్పాడు. నిద్రలోనే వెళ్ళిపోయారట. "నాకేమన్నా అయితే డాక్టరమ్మ గారికి ఓపీ అయ్యేకే చెప్పమని ఎప్పుడో చెప్పి ఉంచేరండి మా అత్తయ్య గారు. నాకే ఆగబుద్ధి కాలేదండి" అన్నాడు. బెంచీల మీద పాతికమంది ఉన్నారు. క్లినిక్కు మూసేసి అతని వెంట వెళ్ళిపోదామనిపించింది. అలా చేస్తే ఆవిడ లేచి కూర్చుని మరీ చీవాట్లు పెడతారని తెలుసు. అందరినీ చూసి, కళ్ళు తుడుచుకుని, మర్నాటి భూస్థాపనకు వెళ్ళాను.

డెబ్బైల చివర్లో అమలాపురంలో కంటి క్లినిక్కు పెట్టాను. కొబ్బరికాయల వర్తకుడి ఇంట్లో ముందు మూడు గదులు అద్దెకు తీసుకున్నాను. డిగ్రీ కొత్తది, యంత్రం కొత్తది, బోర్డు కొత్తది. పొగరు మాత్రం పాతదే, పుట్టుకతో వచ్చింది. పొద్దున్న కిటకిటలాడే బెంచీలు మధ్యాహ్నానికల్లా ఖాళీ అయిపోయేవి. నేనంత చురుగ్గా చూసేస్తున్నానని మురిసిపోయేదాన్ని.

సిస్టర్ గారు మిషన్ ఆసుపత్రిలో హెడ్ నర్సుగా చేసి రిటైరయ్యారు. కళ్ళద్దాల కోసం నా దగ్గరికి వచ్చి, పొద్దున్నంతా బెంచీ మీద కూర్చుని, వంతు రాగానే లోపలికి వచ్చి, కుర్చీలో కూర్చోకుండానే అన్నారు.

"ఇవాళ తొమ్మిదిమంది మీకు చూపించుకోకుండానే వెళ్ళిపోయేరండి. ఎందుకో కనుక్కున్నారాండీ?"

నాకు ఒళ్ళు మండింది. కళ్ళు చూపించుకోవడానికి వచ్చారా, తనిఖీకి వచ్చారా అని అడిగాను. రెండింటికీనండి అని నవ్వారు. ఆ తొమ్మిదిమందీ ఏరు దాటి వచ్చినవాళ్ళట. బోడసకుర్రు రేవులో పంటు తప్పితే అవతల బస్సు కూడా తప్పిపోతుంది. అందుకని వంతు రాకుండానే లేచి వెళ్ళిపోతున్నారు. నేను చదివిన లావుపాటి పుస్తకాల్లో పంటు సంగతి ఎక్కడా లేదు. వారం రోజులు ఉడికిపోయి, తర్వాత నేనే సిస్టర్ గారింటికి వెళ్ళి క్లినిక్కు చూసుకోమని అడిగాను. నా జన్మలో నేను చేసిన తెలివైన పని అదొక్కటేనని మా ఆయన అంటూంటారు.

ఆవిడ వచ్చిన రోజే టోకెన్లు తీసేశారు. వచ్చినవాళ్ళని పేరు అడగకముందు ఏ రేవండీ అని అడిగేవారు. బోడసకుర్రా, ముక్తేశ్వరమా, కొత్తపేట బస్సా అన్నదాన్ని బట్టి వరస. ఊళ్ళోవాళ్ళు చివర. మా వీధిలోనే ఉండే పెద్దమనిషి ఒకాయనకు ఇది నచ్చలేదు. తాను ఎవరో తెలుసా అని గొంతు పెంచారు. "తెలుసండి. మీ ఇల్లు ఎక్కడికీ పోదండి. పంటు వెళ్ళిపోద్దండి" అన్నారు సిస్టర్ గారు, ఆయనకు మంచినీళ్ళ గ్లాసు అందిస్తూ. ఆ తర్వాత ఆయన మధ్యాహ్నం భోంచేసి తీరిగ్గా రావడం అలవాటు చేసుకున్నారు.

రోజూ తలుపులు తెరవకముందు ఆవిడ బెంచీ మీద పది నిమిషాలు పేషెంటులా కూర్చునేవారు. ఎప్పుడూ ఏదో పాట సన్నగా పాడుకుంటూ ఉండేవారు. లేచాక ఏదో ఒకటి జరిపేవారు. చుక్కలు వేయించుకుని కళ్ళు మూసుకున్నవాళ్ళ ముఖాన పడమటెండ కొడుతోందని కిటికీకి తాటాకు తడిక కట్టించారు. నా గొంతు లేస్తే మాత్రం మాట్లాడకుండా వచ్చి నా గది తలుపు దగ్గరగా వేసి వెళ్ళేవారు. ఎన్నిసార్లు వేశారో నేను చెప్పుకుంటే బాగుండదు.

ఆవిడ బల్ల మీద ఒక చెక్కపెట్టె ఉండేది. అందులో పేషెంట్ల కార్డులు. పేర్ల వరసన కాదు, మళ్ళీ ఏ నెలలో రావాలో ఆ వరసన. నెలాఖరుకి మిగిలిపోయిన కార్డులు తెచ్చి నా కాఫీ గ్లాసు పక్కన పెట్టేవారు. ఒకసారి అలా మిగిలింది అంతర్వేది మత్స్యకారుడి కార్డు. ఆయనకు నీటికాసులు. కంట్లో ఒత్తిడి పెరిగి, నొప్పీ మంటా లేకుండా చూపుని తినేసే జబ్బు. ఒక కన్ను నా దగ్గరికి రాకముందే పోయింది. రెండోది చుక్కల మందుతో నిలబెట్టాలి, అదీ జీవితాంతం వేసుకుంటేనే. నేను అంతా వివరంగా చెప్పాను. ప్రతి మాటకీ ఆయన ఆయ్, ఆయ్ అంటూ తలూపాడు. రమ్మన్న నెల దాటి మూడు నెలలైంది.

రాకపోతే నేనేం చేస్తానండీ, చెప్పాల్సింది చెప్పానుగా అని విసుక్కున్నాను.

"రానివాళ్ళు కూడా మన పేషెంట్లేనండి" అన్నారు సిస్టర్ గారు.

ఆ ఆదివారం ఆరాధన అయ్యాక తాను వెళ్తున్నానన్నారు. నేనూ బయల్దేరాను. నిజం చెప్పొద్దూ, ఆయన్ని నాలుగు దులపడానికే వెళ్ళాను. పంటు దాటి, బస్సెక్కి, మలికిపురంలో మరో బస్సు మారి అంతర్వేది చేరేసరికి మధ్యాహ్నమైంది. ఆయన ఇంటి ముందు వల బాగుచేసుకుంటున్నాడు. మమ్మల్ని చూసి గాభరాగా లేచి, మంచం వాల్చి, లోపలికి వెళ్ళి మందు సీసా తెచ్చి నా చేతిలో పెట్టాడు. కడిగి, ఆరబెట్టి, దాచిన ఖాళీ సీసా.

"మొత్తం వాడేసేనండి డాక్టరమ్మ గారూ. ఒక్క చుక్క వదల్లేదండి. తగ్గిపోయిందండి."

ఆయన లెక్క ఆయనది. దగ్గు మందయినా, జ్వరం మందయినా సీసా అయిపోతే వైద్యం అయిపోయినట్టే. ఆయన చెప్పింది చెప్పినట్టు చేశాడు. అప్పుడు వాళ్ళావిడ మెల్లిగా అంది, ఈమధ్య గుమ్మం పక్క రాటకి గుద్దుకుంటున్నాడని, పక్కనుంచి వచ్చే మనిషి కనబడటం లేదని. నేను వేళ్ళు ఆడించి చూశాను. పక్క చూపు తగ్గింది. ఆ ఒక్క కంటితోనే ఆయన రోజూ సముద్రం మీదికి వెళ్తున్నాడు.

"ఈ కన్నుంటదాండీ?" అని అడిగాడు. నన్ను కాదు, సిస్టర్ గారిని.

ఉంటుందని ఆవిడ మాటివ్వలేదు. పోయింది రాదని, ఉన్నది పోకుండా కాపాడుకుందామని చెప్పారు. మేం తెచ్చిన కొత్త సీసా వాళ్ళావిడ చేతికిచ్చి, తన ఎదుటే చుక్క వేయించారు. పొద్దున్న ఎవరు వేస్తారండీ, మధ్యాహ్నం పడవలో ఎవరు వేస్తారండీ అని అడిగి, పడవలో తోడు వెళ్ళే బావమరిదిని పిలిపించి అతని చేతా వేయించారు. సీసా సగానికి రాగానే కొత్తదాని కోసం ఎవరు బయల్దేరి వస్తారో కూడా వాళ్ళ నోటితోనే చెప్పించారు. నేను మంచం మీద కూర్చుని వాళ్ళిచ్చిన కొబ్బరినీళ్ళు తాగుతూ పాఠం విన్నాను.

తిరుగు పంటు మీద, నేను ఇంకాస్త వివరంగా చెప్పి ఉండాల్సింది కదా అన్నాను.

"మీరు బానే చెప్పేరండి. ఆయనేం విన్నారో మనం అడగలేదండి."

మా వైపు డాక్టరు ఎదుట కాదనడం, తెలియలేదనడం మర్యాద కాదు. ఆయ్ అంటే మీ మాట మీద గౌరవం ఉందనే, అర్థమైందని కాదు. ఆ గడ్డ మీదే పుట్టి పెరిగిన దాన్నై ఉండి కూడా నాకది తట్టలేదు. మర్నాటి నుంచి నా గదిలోంచి వచ్చిన ప్రతివాళ్ళనీ సిస్టర్ గారు తన పక్కన కూర్చోబెట్టుకునేవారు. ఇంటికెళ్ళేక మీవాళ్ళు డాక్టరమ్మ గారేం చెప్పేరని అడుగుతారు కదండీ, ఏం చెప్తారండీ అని అడిగేవారు. మొదటి వారం వాళ్ళు చెప్పిన జవాబులు తలుపు చాటునుంచి విన్నాను. సిగ్గేసింది. తర్వాత తర్వాత నేను మాట్లాడే తీరే మారింది.

కొత్తగా క్లినిక్కు పెట్టే కుర్ర డాక్టర్లు ఇప్పుడు నన్ను సలహా అడగడానికి వస్తారు. ఏ యంత్రం కొనాలి, ఏ రంగు వేయించాలి అంటారు. ఏదైనా కొనండి, ముందు ఒక పొద్దున్న మీ బెంచీ మీద మీరు కూర్చోండి అంటాను. పెద్దావిడకి చాదస్తం అనుకుంటూ వెళ్తారు. ఒకరిద్దరు కూర్చున్నారని విన్నాను. అది చాలా సంతోషం. మోకాళ్ళ నొప్పులతో సిస్టర్ గారు మానేసి తమ్ముడింటికి చేరి మూడేళ్ళయింది. చెక్కపెట్టెలో కార్డులు మాత్రం నెల నెలా కదులుతూనే ఉన్నాయి.

భూస్థాపన సాయంత్రం జరిగింది. సమాధుల తోట నిండా జనం. ఆవిడ చేత్తో చుక్కలు వేయించుకున్న ముఖాలు ఎన్నో గుర్తుపట్టాను. పాదిరి గారి ప్రార్థన అవుతుండగా, అంతర్వేది ఆయన భార్యతో కలిసి గుంపులోంచి కొంచెం పక్కకు జరిగాడు. జుట్టు పూర్తిగా నెరిసింది. కొబ్బరిచెట్టు మొదట్లో గొంతుక్కూర్చుని తల వెనక్కి వాల్చాడు. భార్య కొంగుముడి విప్పి, సీసా తీసి, ఆ ఒక్క కంట్లో సాయంత్రం చుక్క వేసింది. కన్ను మూసుకుని, మందు జారిపోకుండా ముక్కు పక్కన వేలితో నొక్కిపట్టి, ఆయన కాసేపు కదలకుండా కూర్చున్నాడు. తర్వాత లేచి, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా, రాళ్ళూ సమాధులూ తప్పించుకుంటూ నడిచి వచ్చి, గుప్పెడు మట్టి తీసి సిస్టర్ గారి మీద వేశాడు.