అమెరాత్ సైట్‌లో తగిలిన జడుపు

దయ్యాలను నేనెప్పుడూ నమ్మలేదు. ఇరవై రెండేళ్లుగా ఒమన్‌లో టైల్స్ వేస్తున్నవాడికి నమ్మే తీరికెక్కడిది? డ్యూటీ దిగి రూవిలో మా రూమ్‌కు చేరేసరికి నా అవతారం చూసి దయ్యమే జాలిపడి మంచినీళ్లిస్తుంది.

జడుపు అనే మాట మాత్రం తెలుసు. జడియడం నుంచి పుట్టింది. నిఘంటువు దాన్ని భయమని తేల్చేస్తుంది. మా జగిత్యాల వైపు రెండూ ఒకటి కావు. భయం వచ్చి పోతుంది. జడుపు వచ్చి మంచమెక్కుతుంది. "పిలగాడు జడుసుకున్నడు" అంటే జ్వరం, ఉలికిపాటు, ముద్ద దిగకపోవడం అన్నీ అందులోనే. మిట్టమధ్యాహ్నం ఒక్కసారే వినబడ్డ పిలుపుకు పలికితే ప్రాణానికే ముప్పంటారు. అందుకే మూడోసారి పిలిస్తేగాని పలకరు.

ఈ వేసవిలో అల్ అమెరాత్‌లో ఒక విల్లా పని. ఆ ఎండకు చుట్టూ ఉన్న కొండలు కూడా నీడ కోసం మా షెడ్డులోకి తొంగిచూసేవి. మధ్యాహ్నం పని ఆపాక నేనూ, నా రూమ్మేటు సాయిలూ కింది హాల్లో ప్లైవుడ్ మీద నడుం వాల్చాం. సైట్‌లో తెలుగువాళ్లం మేమిద్దరమే.

పైఅంతస్తు నుంచి ఒక ఆడగొంతు, అచ్చం మా యాసలో పిలిచింది: "ఓ సాయిలూ..."

ఒక్కసారే.

సాయిలు లేచి కూర్చున్నాడు. పలకలేదు. నేను కొండలు బీటలు వారేలా దొంగ గురక పెట్టాను. వాడు బయటికి పోయాక వెళ్లి చూశాను. పొద్దున వేసిన టైల్స్ ఎవరూ తొక్కకుండా మెట్లకడ్డంగా నేను కొట్టిన చెక్కలు అలాగే ఉన్నాయి.

సాయంత్రానికి వాడికి జ్వరం. మూడు రోజులు మెతుకు ముట్టలేదు. నాలుగో రోజు డ్యూటీకి రాకుంటే ఊరికి పంపేస్తానన్నాడు సూపర్‌వైజర్. ఏమైందని ఎన్నిసార్లడిగినా, "ఏం లేదు మల్లేశన్నా" అని గోడవైపు తిరిగేవాడు. ఇంకా బెదురుతాడని నేనూ విన్న సంగతి దాచాను.

చివరికి మూడోరోజు సాయంత్రం గంజి పట్టుకుని వాడి పక్కన కూర్చున్నాను.

"తాగుర సాయిలూ. పిలుపు నేను గూడ విన్న. పలుకలే. ఏం గాదు."

వాడు గభాలున లేచాడు. "విన్నవా? విని గూడ పలుకలేవా? బతికినవన్నా! 'ఓ మల్లేశం' అనంగనే నా పానం పోయింది. నిద్రల 'ఆఁ' అన్నవేమో అనుకున్న. అడిగితే జడుసుకుంటవని..."

మొత్తం గంజి తాగేశాడు. మర్నాడు నాకంటే ముందు బస్సెక్కాడు.

నేను విన్న పేరు వాడికి చెప్పలేదు. అంతా అలసట అనుకుందామంటే, ఇద్దరి అలసట ఒకే క్షణంలో, ఒకరికి ఇంకొకరి పేరుతో పిలుస్తుందా?